వందల మెసేజ్‌లొచ్చే రొయ్యల గ్రూపులో కొత్తవాళ్లు ఎట్లా చేరాలి, ఎట్లా చదవాలి, ఎట్లా బయటికి రావాలి

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు మొదలుకొని పైన ప్రకాశం జిల్లా సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలున్న ఊళ్లలో ఒక వాట్సాప్ గ్రూపన్నా ఉంటుంది, కొందరి ఫోన్లలో అయితే అయిదారు ఉంటాయి. రేట్లు, సీడ్ (గుంటలో వేసే రొయ్య పిల్లలు) కబుర్లు, కరెంటు ఎప్పుడు పోతుంది, ఏ గుంటలో ఏం జబ్బు, తుపాను ఎటు తిరిగింది, అన్నీ ముందు అక్కడే తెలుస్తాయి. కొత్తగా గుంట లీజుకి తీసుకున్నవాళ్లని ఎవరో ఒకరు అందులో చేరుస్తారు. చేర్చిన అరగంటకే ఫోన్ మోగడం మొదలై ఇక ఆగదు, రెండోరోజుకి విసుగొచ్చి సౌండ్ తీసేస్తారు, ఆ తర్వాత తెరవడమే మానేస్తారు. పై కాలువలో వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు పడిందని ఎవరైనా పెడితే అది వాళ్లకి తెలియనే తెలియదు. అట్లా కాకూడదనే ఇది రాస్తున్నా. అడ్మిన్‌గా కొత్తవాళ్లకి ఫోన్లో నోటితో చెప్పేవే ఇవి. వేరే గ్రూపులు నడిపేవాళ్లు కూడా తమ కొత్త సభ్యులకి పంపుకోవచ్చు.

వచ్చినవన్నీ చదవాల్సిన పనిలేదు. మీ గుంటకి పనికొచ్చే మాట టైముకి మీ కంట పడాలి, మీ గుంట కష్టం చదివినవాళ్లకి వెంటనే అర్థం కావాలి. ఈ రెండూ కుదిరితే చాలు, మిగతా మెసేజ్‌లు ఎన్ని వచ్చినా మీకు నష్టం లేదు.

చేరేముందు

మొదట చేరాల్సింది మీ నీళ్ల గ్రూపులో. అంటే మీరు ఏ ఉప్పుటేరు నుంచి, ఏ కాలువ నుంచి మోటారు పెట్టి తోడుకుంటారో అదే నీళ్లు వాడే రైతులున్న గ్రూపు. జిల్లా మొత్తానికి ఉండే పెద్ద గ్రూపు కన్నా ఇది ముఖ్యం, ఎందుకంటే ఒకరు వదిలిన నీళ్లనే కింద ఇంకొకరు తోడుకుంటారు, వైట్‌స్పాట్ తగిలిందంటే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు, అక్కడ ఒక్క పూట ముందు తెలిసినా మీ మోటారు ఆపుకునే అవకాశం ఉంటుంది. దానితోపాటు రేట్లు పెట్టే గ్రూపు ఒకటి చాలు. మేత షాపులవాళ్లు, మందుల కంపెనీల టెక్నీషియన్లు నడిపే గ్రూపులు కూడా ఉంటాయి. వాటిలో మంచి సమాచారమే వస్తుంది, తప్పు లేదు, కాకపోతే అది ఎవరి గ్రూపో తెలుసుకుని చేరండి. గ్రూపు పేరు మీద నొక్కితే అడ్మిన్లు ఎవరో, కింద వివరణలో ఏం రాశారో కనిపిస్తుంది.

చేరగానే మీ నంబర్ అందులో ఉన్న అందరికీ కనిపిస్తుందని గుర్తుంచుకోండి. ఒక వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు, వాళ్లలో మీకు తెలిసినవాళ్లు పదిమంది కూడా ఉండకపోవచ్చు. అందుకని ముందే సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి ప్రొఫైల్ ఫోటో, లాస్ట్ సీన్ మీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే కనపడేట్టు పెట్టుకోండి, ముఖ్యంగా ఫోటోలో ఇంట్లో ఆడపిల్లలు ఉంటే. అక్కడే గ్రూప్స్ అని ఇంకో ఆప్షన్ ఉంది, దాన్ని మై కాంటాక్ట్స్ అని మారిస్తే దారినపోయే ప్రతివాడూ మిమ్మల్ని అడక్కుండా ఏదో ఒక గ్రూపులో పడేయలేడు, కావాలంటే విడిగా ఇన్వైట్ పంపాలి, ఆ ఇన్వైట్ మూడు రోజులే పనిచేస్తుంది. కాబట్టి అడ్మిన్ మిమ్మల్ని చేరుస్తానన్నప్పుడు ఆయన నంబర్ ముందే సేవ్ చేసుకోండి.

లింక్ నొక్కి చేరేట్టయితే చాలాచోట్ల అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి వస్తారు. లింక్ నొక్కి ఊరుకోకుండా అడ్మిన్‌కి విడిగా ఒక మాట పెట్టండి, "అన్నా, నేను ఫలానా ఊరు, ఫలానా ఆయన గుంట పక్కన రెండెకరాలు లీజుకి తీసుకున్నా, లింక్ నొక్కాను" అని. ఎవరో తెలియని నంబర్‌ని ఒప్పుకోవడానికి ఏ అడ్మిన్‌కైనా భయమే, మందులు అమ్మేవాళ్లూ మోసగాళ్లూ కూడా అదే దారిలో వస్తారు కదా.

చేరాక మొదటి మెసేజ్ మీ పరిచయం. పూల బొమ్మలూ దండాలూ కాదు. పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు, నీళ్లు ఎక్కడివి, సీడ్ ఎప్పుడు వేశారు లేదా ఎప్పుడు వేయబోతున్నారు, ఇది ఎన్నో పంట. నాలుగు లైన్లు చాలు. మీరు రేపు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్లకి అప్పుడే మీ గుంట కళ్లముందు ఉంటుంది, పైగా మీ ఊరి పక్కవాళ్లు ఉంటే వాళ్లే పలకరిస్తారు. మామూలుగా మీరు చేరకముందు వచ్చిన మెసేజ్‌లు మీకు కనపడవు. అందుకని ల్యాబ్ ఎక్కడ, ఐస్ ఎవరిదగ్గర, కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలి లాంటివి ఒకసారి పంపమని అడ్మిన్‌నే అడగండి.

ఫోన్ మోగుడు ఎట్లా తగ్గించాలి

పెద్ద గ్రూపుని మ్యూట్ చేయండి, మొహమాటం వద్దు. ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు ఉంటాయి, ఎప్పటికీ అని పెట్టినా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, చప్పుడు మాత్రం ఉండదు. ఎవరైనా అట్ (@) గుర్తు పెట్టి మీ పేరుతో పిలిచినా, మీ మెసేజ్‌కి రిప్లై ఇచ్చినా అది మాత్రం మీకు తెలుస్తుంది. మీకు ఎవరైనా అర్జెంటుగా కావాలన్నా అదే దారి, ఊరికే "ఎవరైనా ఉన్నారా" అని పెట్టేకన్నా మనిషిని పేరు పెట్టి పిలవండి. చాట్ లిస్టులో కూడా అడ్డంగా ఉందనిపిస్తే ఆర్కైవ్‌లో పెట్టేయండి.

నీళ్ల గ్రూపుని మాత్రం రాత్రిపూట కూడా మ్యూట్ చేయకండి. గుంటల్లో ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామునే, మూడు నుంచి ఆరు లోపల. కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే రొయ్యలు పైకి తేలేదీ అప్పుడే. ఆ టైములో ఆ గ్రూపులో వచ్చే మెసేజ్ ఊసుపోక పెట్టింది కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఒక్కో గ్రూపుకి వేరే టోన్ పెట్టుకోవచ్చు, దీనికి ఒక గట్టి టోన్ పెట్టుకుంటే నిద్రలో కూడా తేడా తెలుస్తుంది. అయితే ఒకటి. మీ గుంటలోనే రొయ్యలు తేలుతుంటే మెసేజ్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చోకండి. పక్క గుంట ఆయనకి ఫోన్ కొట్టండి, జనరేటర్ కావాలంటే ఫోన్ కొట్టండి. గ్రూపులో తర్వాత రాయొచ్చు.

ఇంకో ఇబ్బంది ఫోన్ నిండిపోవడం. అందరూ చెక్‌ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఫోటోలు, వలలో ఎగిరే రొయ్యల వీడియోలు పెడుతుంటారు, నెల తిరక్కుండా మెమరీ ఫుల్ అని వస్తుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి, కావాల్సిన ఫోటో నొక్కితే అప్పుడు వస్తుంది. గ్రూపు వివరాల్లో మీడియా విజిబిలిటీ నో అని పెడితే గ్యాలరీలో పిల్లల ఫోటోల మధ్యలో చచ్చిన రొయ్యల ఫోటోలు చేరవు.

చదివే పద్ధతి

రోజుకి రెండుసార్లు చదివితే సరిపోతుంది. పొద్దున మేత చల్లి చెక్‌ట్రేలు చూసుకున్నాక ఒకసారి, సాయంత్రం రొయ్యలు కొనే ఏజెంట్ల రేట్లు వచ్చాక ఒకసారి. గుడ్ మార్నింగ్‌లు, పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజులు చూసీచూడనట్టు కిందికి జరిపేయండి. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే మౌల్టింగ్ (రొయ్య పెంకు వదలడం) మీద మెసేజ్‌లు ఎక్కువవుతాయి, వాన పడితే పీహెచ్ మీద. ఆ రోజుల్లో కొంచెం నిదానంగా చూడండి.

మొదట్లో సగం మాటలు అర్థం కావు, కంగారు పడొద్దు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. 40 కౌంట్ అంటే ఒక్కోటి 25 గ్రాములు, 100 కౌంట్ అంటే 10 గ్రాములు, కాబట్టి కౌంట్ అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. మీ రొయ్య సగటు బరువు తెలిస్తే వెయ్యిని దాంతో భాగించండి, మీ కౌంట్ వస్తుంది. ఆ సగటు బరువునే కొందరు ఏబీడబ్ల్యూ అని రాస్తారు. డీఓసీ అంటే సీడ్ వేసి ఎన్ని రోజులైంది అని, డీఓ అంటే నీళ్లలో ఆక్సిజన్, ఈ రెండిటికీ తికమక పడేవాళ్లు చాలామంది. ఉప్పు 15, ఉప్పు 20 అంటే పీపీటీల్లో, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పు అని. ఎఫ్‌సీఆర్ అంటే కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టింది అని. ఆర్‌ఎంఎస్ అంటే రోజూ కాసిని కాసిని చచ్చిపోతూ ఉండటం. ఈహెచ్‌పీ అనే జబ్బు వస్తే రొయ్య చావదు, పెరగదు, దానికి పనిచేసే మందు ఇప్పటికీ లేదు, ఎవరైనా ఉందని పెడితే నమ్మకండి. ఇంకేదైనా అర్థం కాకపోతే గ్రూపులోనే అడగండి, ఎవరూ ఏమనుకోరు.

మంచి మెసేజ్ కనిపిస్తే వేలు నొక్కిపెట్టి స్టార్ పెట్టుకోండి. లేదా వాట్సాప్‌లో మీ నంబర్‌కి మీరే పంపుకోండి, గుంట పేరుతో సహా. ఆరు నెలల తర్వాత అదే జబ్బు వచ్చినప్పుడు గ్రూపంతా తిరగేయాల్సిన పని ఉండదు. గ్రూపులో వెతకడానికి సెర్చ్ ఉంది, కానీ ఒక చిక్కు. ఒకాయన వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) అని తెలుగులో విడివిడిగా రాస్తాడు, ఒకాయన కలిపి రాస్తాడు, కుర్రాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. మీరు ఒక రకంగా వెతికి లేదనుకోకండి, మూడు రకాలుగానూ కొట్టి చూడండి. వాయిస్ మెసేజ్‌లో చెప్పింది ఆ సెర్చ్‌కి అసలు దొరకదు. అందుకే టైపింగ్ రానివాళ్లని కూడా నేను బతిమాలేది, కీబోర్డులో ఉండే మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే అక్షరాలుగా పడుతుంది, అట్లా పెట్టండన్నా అని. అదీ కుదరకపోతే వాయిస్ పెట్టండి, ఊరు, గుంట, ఎన్నో రోజు అన్నది మొదటి మాటలోనే చెప్పండి.

రేట్ల మెసేజ్‌లు చదవడంలో జాగ్రత్త. తేదీ లేని రేటు రేటు కాదు. ఏ ఊళ్లో, గట్టు మీదా ప్లాంటు దగ్గరా, ఎన్ని టన్నులుంటే ఆ రేటు, సాఫ్ట్ (పెంకు మెత్తగా ఉన్న రొయ్య) కింద ఎంత తీస్తారు, ఇవేమీ లేకుండా వచ్చే అంకెలు చూసి పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, ఆపుకున్నవాళ్లూ ఉన్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గ్రూపుల్లో తిరిగిన అంకెలకి లెక్కే లేదు, రేపట్నుంచి కొనరు అని ఒకటి, రెండ్రోజుల్లో పెరుగుతుంది అని ఒకటి. అట్లాంటప్పుడు గ్రూపులో చూసిన రేటుని పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఏజెంట్లకి ఫోన్ చేసి, నా కౌంట్ ఇది, నా ఊరు ఇది, నువ్వెంతకి కొంటావు అని అడగండి. గ్రూపు రేటు బేరం మొదలుపెట్టడానికి పనికొస్తుంది, దాని మీద నిర్ణయం తీసుకోవడానికి చాలదు.

అడగడం

ఇది అన్నిటికన్నా ముఖ్యం, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తున్నా. కొత్తవాళ్లు పెట్టే మెసేజ్ ఎక్కువగా ఇట్లా ఉంటుంది: ఒక మసక ఫోటో, కింద "ఏం మందు వేయాలి". దానికి వచ్చే జవాబులు చూడండి. ఎన్ని రోజులు అని ఒకరు, నీళ్లు ఎంత ఉన్నాయి అని ఒకరు, డీఓ చూశావా అని ఇంకొకరు, మధ్యలో ఒక టెక్నీషియన్ తన మందు పేరు పెడతాడు, ఇంకొకాయన వేరే మందు. గంట గడిచినా అసలు సంగతి తేలదు, ఈలోపు ఇంకో ముగ్గురి ప్రశ్నలు కలిసిపోతాయి. అడిగినాయన ఏదో ఒకటి కొనుక్కొచ్చి వేసేస్తాడు.

అదే మెసేజ్ ఇట్లా ఉంటే ఎంత తేడానో చూడండి:

"రామతీర్థం దగ్గర, రెండెకరాల గుంట, నీళ్లు నాలుగున్నర అడుగులు. వెనామీ రొయ్య, ఈరోజుకి 52 రోజులు, బరువు 11 గ్రాములు. పొద్దున 5 గంటలకి డీఓ 3.2, పీహెచ్ 7.8, ఉప్పు 18. నిన్న సాయంత్రం నుంచి చెక్‌ట్రేలో మేత మిగులుతోంది, పేగు తెల్లగా ఉంది, గట్టు పక్కన పది పదిహేను చచ్చినవి కనిపించాయి. మూడు రోజుల కింద మేత మార్చాం. మందేమీ వేయలేదు. ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నాయి. పక్క గుంటలో ఏమీ లేదు. ముందు ఏం చూడమంటారు?"

ఇది చదివిన అనుభవమున్న రైతు రెండో ప్రశ్న అడగాల్సిన పనిలేదు. ఆక్సిజన్ తక్కువుందని, మేత తగ్గించమని, ఈరోజే ల్యాబ్‌కి తీసుకెళ్లమని వెంటనే చెబుతాడు, చచ్చినవి కాదు, నీరసంగా ఉండి బతికున్న రొయ్యల్ని పట్టుకెళ్లమని కూడా చెబుతాడు, ఎందుకంటే చచ్చి కుళ్లినవాటిలో అసలు జబ్బేదో తేలదు. చివర్లో "ఏం మందు వేయాలి" అనకుండా "ముందు ఏం చూడమంటారు" అని అడగడం కూడా గమనించండి. మందు అడిగితే మందే చెబుతారు.

అంకె తప్పు పడితే పదిహేను నిమిషాల్లోపు ఆ మెసేజ్‌నే ఎడిట్ చేయొచ్చు. అది దాటితే రెండు రోజుల్లోపు అందరికీ డిలీట్ చేసి సరిగ్గా మళ్లీ పెట్టండి. 3.2 బదులు 2.3 అని పడితే చదివినవాళ్ల సలహా మారిపోతుంది కదా. ఫోటో తీసేటప్పుడు రొయ్యని తెల్ల పళ్లెంలో, ఎండ పడేచోట, పక్కన ఒక స్కేలో పెన్నో పెట్టి తీయండి. మీ ప్రశ్నకి జవాబులు వస్తున్నప్పుడు ఒక్కో జవాబుని కుడివైపుకి జరిపి రిప్లై ఇవ్వండి, ఏ మాటకి ఏ జవాబో తెలుస్తుంది. పక్కవాళ్ల ప్రశ్న మధ్యలో మీ ప్రశ్న దూర్చకండి, పది నిమిషాలు ఆగండి. ఇక చాలామంది మర్చిపోయేది, తర్వాత ఏమైందో చెప్పడం. ల్యాబ్‌లో ఏం తేలింది, ఏం చేశారు, తగ్గిందా లేదా. మీ మొదటి మెసేజ్‌కే రిప్లైగా ఆ రెండు లైన్లు పెడితే రేపు ఇంకొకాయన వెతికినప్పుడు ప్రశ్నా జవాబూ రెండూ దొరుకుతాయి. గ్రూపు వల్ల లాభపడినవాళ్లు తిరిగి ఇవ్వగలిగింది అదే, దయచేసి బద్ధకించకండి.

సలహాల్లో ఏది తీసుకోవాలి అంటే, చెప్పినాయన ఎవరో చూడండి. రైతా, అమ్మేవాడా. రెండో రకం వాళ్లంతా చెడ్డవాళ్లు కాదు, కొందరు రాత్రీపగలూ తిరిగి సాయం చేస్తారు, అయినా జేబులోంచి డబ్బు తీసేముందు ల్యాబ్ రిపోర్టు చూడండి, ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు, ఎవరినైనా అడగండి. యాంటీబయాటిక్ పేరు ఎవరైనా పెడితే మాత్రం అసలు ముట్టుకోకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి నిషేధం, వాటి ఆనవాళ్లు సరుకులో దొరికితే విదేశాల్లో కంటైనర్‌నే తిప్పి పంపేస్తారు, ఆ దెబ్బ అందరి రేటు మీదా పడుతుంది.

చెప్పాల్సినవి, చెప్పకూడనివి

మీ గుంటలో వైరస్ తేలితే నీళ్ల గ్రూపులో వెంటనే చెప్పండి. చాలామంది దాస్తారు, పరువు అనుకుంటారు, ఏజెంట్లకి తెలిస్తే రేటు కోస్తారని భయపడతారు. ఆ భయం నిజమే, కొట్టిపారేయను. కానీ మీరు చెప్పకుండా ఆ నీళ్లు కాలువలోకి వదిలితే కింద ఉన్నవాళ్లు అదే నీళ్లు తోడుకుంటారు. కాబట్టి "మాకు వైట్‌స్పాట్ వచ్చింది, నీళ్లు బయటికి వదలడం లేదు, క్లోరినేషన్ చేస్తున్నాం, రెండు వారాలు ఈ వైపు మోటార్లు చూసి వేసుకోండి" అని పెట్టండి. అట్లా పెట్టినాయనకి గ్రూపులో అందరూ అండగా నిలబడాలి, అడ్మిన్లు ముందుండి నిలబడాలి. పక్కాయన గుంట గురించి మాత్రం మీరు రాయకండి, "ఫలానా ఆయనకి వైరస్ అంట" అని పేరు పెట్టి రాసే హక్కు మీకు లేదు. మీకు అనుమానం ఉంటే ఆయనకే ఫోన్ చేసి అడగండి.

ఫార్వర్డులు. మెసేజ్ పైన రెండు బాణాలు కలిసి కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. తుపాను రోజుల్లో ఇవి మరీ ప్రమాదం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మన రెండు జిల్లాల్లోనూ కుండపోత వానలు. అట్లాంటప్పుడు ఎప్పటిదో ఏ ఊరిదో వీడియో ఒకటి వచ్చి గట్టు తెగింది అంటే మనిషి చీకట్లో వానలో గుంట దగ్గరికి పరుగెత్తుతాడు. వాతావరణ శాఖ బులెటిన్, కలెక్టరాఫీసు చెప్పింది, మీ కంటితో చూసింది, ఈ మూడు తప్ప ఆ రోజుల్లో ఏదీ పంపకండి. మీరు చూసింది పెట్టేటప్పుడు ఊరు, టైము రాయండి.

ఏపీకే (.apk) అని చివర్లో ఉన్న ఫైలు ఎవరు పంపినా నొక్కకండి, నొక్కితే ఫోన్లో ఏదో యాప్ ఎక్కుతుంది. పీఎం కిసాన్ డబ్బులని, చలానా అని, బ్యాంకు అని పేర్లు పెట్టి పంపుతారు, మీకు తెలిసినాయన నంబర్ నుంచే రావొచ్చు, ఎందుకంటే ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. వెంటనే అడ్మిన్‌కి ఫోన్ చేయండి, అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ డిలీట్ చేయగలడు.

అడ్మిన్లకి ఒక మాట

కొత్తాయన తప్పుచోట తప్పుగా అడిగితే గ్రూపులో అందరిముందూ కసరకండి. వయసులో పెద్దాయన కావొచ్చు, ఫోన్ కొత్త కావొచ్చు. విడిగా ఫోన్ చేసి చెప్పండి. పైన ఇచ్చిన ప్రశ్న నమూనాని గ్రూపులో పిన్ చేసి పెట్టండి, ముప్ఫై రోజుల దాకా ఉంటుంది, తర్వాత మళ్లీ పిన్ చేయాలి. కొత్తాయన చేరినప్పుడు ఆ ఊరి పాత రైతు ఒకరిని పేరు పెట్టి "అన్నా, వీళ్లకి కాస్త చూడు" అని అప్పగించండి. సాయం అడగడానికి ఒక తెలిసిన మనిషి ఉంటే మొదటి పంట వాళ్లు నిలదొక్కుకుంటారు, ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను.

బయటికి రావడం

పంట అయిపోయింది, ఈసారి ఖాళీగా వదిలేస్తున్నారు, లేదా లీజు వదులుకున్నారు. గ్రూపులోంచి వచ్చేయాలనుకుంటే వచ్చేయండి. ఎగ్జిట్ అయితే అందరికీ తెలుస్తుంది, అలిగి పోయాడనుకుంటారు అని చాలామంది ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోతారు. 2022 నుంచి వాట్సాప్‌లో ఎగ్జిట్ అయితే అడ్మిన్లకి మాత్రమే నోటీసు వెళ్తుంది, గ్రూపంతా చాటింపు ఉండదు. కావాలని వెతికి చూసేవాళ్లకి మాత్రం అరవై రోజుల దాకా పాత సభ్యుల లిస్టులో మీ పేరు కనిపిస్తుంది. అడ్మిన్‌కి ముందే "అన్నా, ఈ సీజన్ పంట వేయడం లేదు, బయటికొస్తున్నా" అని ఒక ముక్క చెబితే ఇక ఏ అపార్థమూ ఉండదు. గ్రూపులో ఎవరితోనో మాటామాటా వచ్చిన రోజు మాత్రం ఎగ్జిట్ నొక్కకండి. మ్యూట్ చేసి రెండ్రోజులు ఆగండి, అప్పటికీ వద్దనిపిస్తే రండి.

మూడు నెలల్లో మళ్లీ సీడ్ వేసే ఆలోచన ఉంటే బయటికి రావాల్సిన పనిలేదు, మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెడితే చాలు. నిజంగా వచ్చేసేట్టయితే ముందు స్టార్ పెట్టుకున్నవి చూసుకోండి, గ్రూపు మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ ఉంటుంది, ఫోటోలు లేకుండా పంపుకుంటే చిన్న ఫైలే అవుతుంది, మీ మెయిల్‌కి పంపి పెట్టుకోండి. ఎగ్జిట్ అయ్యాక కూడా పాత చాట్ మీ ఫోన్లో ఉంటుంది, డిలీట్ గ్రూప్ నొక్కితేనే పోతుంది. మీరు అడ్మిన్ అయితే ఇంకో ఇద్దరిని అడ్మిన్ చేసి, వాళ్లకి చెప్పి రండి. ఒక్కరే అడ్మిన్ ఉండి వచ్చేస్తే వాట్సాప్ ఎవరో ఒకరిని అడ్మిన్ చేసేస్తుంది, అది ఎవరికి పడుతుందో మన చేతిలో ఉండదు.

నంబర్ మార్చేవాళ్లు దీన్ని అస్సలు వదిలేయకండి. వాట్సాప్ తీసేసినంత మాత్రాన గ్రూపులోంచి పోయినట్టు కాదు, మీ పాత నంబర్ అక్కడే ఉంటుంది. రీచార్జ్ చేయకుండా వదిలేసిన నంబర్‌ని కొన్నాళ్లకి కంపెనీ ఇంకొకరికి ఇస్తుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్‌లో ఛేంజ్ నంబర్ అని ఉంటుంది, పాతదీ కొత్తదీ రెండూ కొడితే గ్రూపులన్నీ కొత్త నంబర్‌కి వచ్చేస్తాయి, పాత సిమ్ పనిచేస్తుండగానే ఇది చేసుకోండి. సిమ్ ఇప్పటికే పోయి ఉంటే అడ్మిన్‌కి ఫోన్ చేసి పాత నంబర్ తీసేయించండి. లీజు దిగిపోయి, మళ్లీ రెండేళ్లకి వేరే ఊళ్లో గుంట పట్టినవాళ్లు పాత గ్రూపు లింక్ కోసం చూడకుండా ఆ ఊరి నీళ్ల గ్రూపు ఏదో కనుక్కోండి, చేరాక కొత్త ఊరు, కొత్త కాలువ, సీడ్ తేదీతో పరిచయం మెసేజ్ మళ్లీ పెట్టండి.